ఆడకుక్క ఎదకు వచ్చినపుడు ఇరుగుపొరుగువారికి తెలుపవలసిన విధము

రైతు ఇంట ఆవు ఎదకు వచ్చినచో ఆ సంగతిని ఎవ్వరును దాచరు. పశువైద్యశాలకు కబురు పంపుదురు. దారిలో ఎదురైనవారితో చెప్పుదురు. చెప్పినవానిని చూచి నవ్వువారు లేరు. అదే ఇంట ఆడకుక్క ఎదకు వచ్చినపుడు మాత్రము నోరు మెదపరు. చిత్తకార్తె కుక్కలన్న మాట తిట్టుగా వాడుకలోనికి వచ్చుటచేత, ఆ ప్రస్తావన తెచ్చినంతనే రచ్చబండ వద్ద నలుగురును నవ్వుదురు. ఆ నవ్వునకు జంకి ఊరకుండుటవలన మందలకును, పసిబిడ్డలకును, ఇరుగుపొరుగు పొత్తునకును కలుగు హాని కొంచెము కాదు. కావున ఎద గుర్తులను, దానిని ఎవరికి ఎట్లు తెలుపవలెననునదియు సంఘ సభ్యులకు విన్నవింపదలచితిమి.

ఎద గుర్తులు

ఆవు సుమారు 21 దినముల కొకసారి ఎదకు వచ్చును. ఆ ఎద ఒక దినము లోపలనే ముగియును. కుక్క అట్లు కాదు. అది సాధారణముగా సంవత్సరమునకు రెండు సారులు మాత్రమే ఎదకు వచ్చును గాని, ఒక్కొక్క ఎద రెండు మూడు వారములు నిలుచును. తొలి ఎద ఆరవ నెల మొదలు ఏడాది లోపల కనబడును. పెద్ద జాతులలో ఇంకను ఆలస్యము కావచ్చును. ఊరకుక్కలలో పెక్కు వానలు వెనుకపట్టు కాలమున, అనగా అక్టోబరు 10వ తేదీ ప్రాంతమున ప్రవేశించు చిత్తకార్తెకు ఇటునటు ఎదకు వచ్చును. ఇంట తిండి చక్కగా దొరకు కుక్క ఏ నెలనైనను రావచ్చును.

ఈ కాలమున రెండు దశలు కలవు. మొదటి దశ సుమారు 9 దినములు. అప్పుడు జననాంగము వాచి, రక్తము చుక్కలుగా పడును. కుక్క మాటిమాటికిని కొంచెము కొంచెముగా మూత్రము విడుచును. ఆ వాసన పట్టి మగకుక్కలు వాకిట చేరును గాని, ఆడకుక్క వానిని దరికి రానీయదు. రెండవ దశయు ఇంచుమించు 9 దినములే. అప్పుడు స్రావము ఎరుపు తగ్గి ఎండుగడ్డి రంగునకు తిరుగును; కుక్క తోకను ప్రక్కకు తొలగించి నిలుచును. చూలు కట్టునది ఈ రెండవ దశయందే.

ఇచ్చటనే మన రైతులు పొరబడుచున్నారు. ఆవునకు ఎద తీరిన ఒకటి రెండు దినములకు రక్తము కనబడుట కద్దు. దానిని చూచి ఎద దాటిపోయినదని మనము గ్రహింతుము. కుక్కకు రక్తము ముందు కనబడును, చూలు కట్టు కాలము వెనుక వచ్చును. ఆవు లెక్కను కుక్కకు పట్టించి, రక్తము ఆగినదిగదా అని గొలుసు విప్పువాడు సరిగా విప్పకూడని దినముననే విప్పుచున్నాడు. కొన్ని కుక్కలు తమ్ము తామే నాకి శుభ్రపరచుకొనుటచే రక్తము కంటబడదు. అట్టిచోట వాపును, వాకిట చేరు మగకుక్కలును గుర్తులు. తొలి గుర్తు కనబడిన నాటినుండి మూడు వారములు నిండి, వాపు పూర్తిగా తీసి, మగకుక్కల రాక మానువరకు కట్టు విడువరాదు. ఒక్క రాత్రి యేమగునులే అనుకొనరాదు. మగకుక్క వీర్యము ఆడకుక్క గర్భమున అయిదారు దినములు సజీవముగా నుండగలదు. ఒకే ఈతలో వేర్వేరు తండ్రులకు పుట్టిన పిల్లలు ఉండుటయు కలదు.

చెప్పకుండుటవలన నష్టములు

మొదటిది మందకు కలుగు నష్టము. పంట తీసిన చేలలో ఎరువు కొరకు మనము గొర్రెల మందను కట్టించుకొందుము. ఆ మందకు రాత్రివేళ కాపరి కన్న కుక్కయే పెద్ద కాపు. ఊరిలో ఒక ఆడకుక్క ఎదలో నున్న యెడల మందకుక్క గాలివాటున వాసన పట్టి కాపు విడిచి పోవును. ఆ రాత్రి నక్కయో తోడేలో మందలో పడినచో పోవునవి కాపరి గొర్రెపిల్లలు. తగవు మాత్రము కాపరికిని రైతునకును పడును. ముందుగా ఒక్క మాట చెప్పియున్నచో, కాపరి తన కుక్కను కట్టివేసి తానే మేలుకొని యుండును, లేదా మందను దూరపు చేనికి తోలుకొనిపోవును.

రెండవది కాట్లు. ఒక్క ఆడకుక్క వెంట నాలుగైదు మగకుక్కలు చేరి పోరాడును. వానిలో ఒకదానికి రేబిస్ అను పిచ్చికుక్క వ్యాధి యున్నచో కరచుకొన్న కుక్కలన్నిటికిని అంటవచ్చును. వ్యాధి గుర్తులు బయటపడుటకు కొన్ని దినములు ముందే కుక్క చొంగలో విషము చేరి యుండును. కావున చూచుటకు ఆరోగ్యముగా నున్నదని నమ్మరాదు. ఈ వ్యాధి లక్షణములు మనుష్యునియందు కనబడిన పిమ్మట బ్రతుకుట అత్యంత దుర్లభము. బడికి పోవు బిడ్డలు ఆ గుంపును చూచి రాళ్లు రువ్వుటయు, జంట కలిసియున్న కుక్కలను కొట్టి విడదీయజూచుటయు మేము పలు గ్రామములలో చూచుచున్నాము. ఆ జంట పది నిమిషములు మొదలు అరగంట వరకు విడిపోజాలదు. బలిమిని లాగినచో రెండింటికిని గాయమగును, లాగినవానికి కాటు పడును.

మూడవది వ్యాధి. జననాంగమున కాలీఫ్లవరు వలె పెరిగి రక్తము కారు ఒక విధమగు కంతి, కలయికవలనను, నాకుటవలనను ఒక కుక్కనుండి మరియొక కుక్కకు అంటును. పశువైద్యులు వారమున కొకసారి చొప్పున కొన్ని వారములు ఇచ్చు విన్‌క్రిస్టిన్ అను సూదిమందుతో ఇది సాధారణముగా నయమగును.

నాలుగవది వద్దనుకొన్న పిల్లలు. కుక్క చూలు సుమారు 63 దినములు. చిత్తకార్తెలో కలిసినచో డిసెంబరు నడుమనుండి ఈనును. చలికి చచ్చినవి చావగా, మిగిలినవి వీధుల పాలగును. టీకా లేని ఆ కుక్కలే మరుసటి యేటికి మన బిడ్డలకు భయకారణములు.

ఎవరికి ఎట్లు చెప్పవలెను

ఎద గుర్తు కనబడిన దినముననే, మగకుక్కలున్న ఇరుగుపొరుగు ఇండ్లకును, పొలిమేరలో మంద దిగియున్న కాపరికిని తెలుపవలెను. చెప్పుమాటలో దినమును తప్పక చేర్చవలెను. “అన్నా, మా కుక్క ఆదివారమునాడు ఎదకు వచ్చినది, మూడు వారములపాటు మీ కుక్కను రాత్రులు కట్టివేయవలెను” అనినచో చాలును. స్త్రీలు “వదినా, మా కుక్క ఎదలో నున్నది, పిల్లలను మా వాకిటికి పంపకుము” అని చెప్పుకొనవచ్చును. ఇందులో నవ్వవలసినది లేదు.

కుక్కను త్రాట పట్టుకొని గట్టుమీదనో బాటమీదనో పోవునపుడు ఎదుట మరియొకరు కుక్కతో వచ్చుచున్నచో, దగ్గరకు వచ్చువరకు ఆగక దూరమునుండియే కేకవేసి చెప్పి, ప్రక్కకు తొలగవలెను. వినినవాడు “మా కుక్క సాధువు, ఏమియు చేయదు” అని వాదింపక త్రాడు కురుచగా పట్టి దారి మార్చవలెను. ఎంత సాధువైన మగకుక్కయు ఆ వాసనకు యజమాని మాట వినదు. చెప్పుట ఆడకుక్క గలవాని విధి; విని తన కుక్కను కట్టుకొనుట మగకుక్క గలవాని విధి. ఒకరు తప్పినను రెండవవాని శ్రమ వ్యర్థమగును.

గురుతుగా వాకిట వేపమండ కట్టుదుమని కొందరందురు. వేపమండకు మన ఊళ్లలో వేరు అర్థము కలదు గనుక అది తగదు. నోటిమాటయే మేలు. సంఘ కార్యాలయపు నోటీసు పలకమీద వీధి పేరును, తేదీని సుద్దతో వ్రాసిపెట్టుటయు మంచిది.

యజమాని చేయవలసినది

ఎదలో నున్న కుక్కను వాకిట గుంజకు కట్టివేసి పొలమునకు పోరాదు. కట్టిన కుక్క పారిపోజాలదు. మగకుక్కలు కంచె దూకి వచ్చును. తలుపు గల కొట్టములోనో గదిలోనో ఉంచి, బయటికి తీసినపుడు త్రాడు చేత పట్టియే తిప్పవలెను. అది మూత్రము విడిచిన తావులను నీళ్లతో కడుగవలెను. ఎద తీరిన ఒకటి రెండు నెలలలో కుక్క మందగించి, నీరు ఎక్కువగా త్రాగుచు, చీము కార్చుచున్నచో గర్భకోశమున చీము పట్టినదని అనుమానించి వెంటనే పశువైద్యునికి చూపవలెను, ఆలస్యము ప్రాణాంతకము.

పిల్లలు వద్దనుకొన్నవారికి శాశ్వతోపాయము గర్భకోశమును, అండకోశములను తీసివేయు శస్త్రచికిత్స. ఎదలో నున్నపుడు రక్తస్రావము హెచ్చు గనుక, ఎద తీరిన రెండు మూడు నెలలకు చేయించుట మేలు. 2023వ సంవత్సరపు జంతు జనన నియంత్రణ నియమముల ప్రకారము ఊరకుక్కలకు ఈ చికిత్సను, టీకాను ఏర్పాటు చేయు బాధ్యత పంచాయతీ మొదలగు స్థానిక సంస్థలది. పెంపుడు కుక్క బాధ్యత యజమానిది. విషము పెట్టి చంపుట 1960వ సంవత్సరపు చట్టము ప్రకారము నేరము.

కుక్కపిల్లకు మూడవ నెలలో రేబిస్ టీకా వేయించి, పశువైద్యుడు చెప్పిన గడువున రెండవది, పిమ్మట ఏటేట వేయించవలెను. సెప్టెంబరు 28వ తేదీని ప్రపంచ రేబిస్ దినముగా జరుపుచున్నారు. టీకా బలము పట్టుటకు రెండు మూడు వారములు కావలెను గనుక, ఆ దినమునకు ముందే వేయించినవారి కుక్క చిత్తకార్తె నాటికి సిద్ధముగా నుండును.

ఇంతచేసినను ఎవరికైనను కాటు పడినచో, గాయమును సబ్బుతోను ధారగా పడు నీటితోను 15 నిమిషములు కడిగి, ఆ దినముననే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపోవలెను. పసుపు, కారము, సున్నము పూయరాదు. డాక్టరు చెప్పిన సూదులన్నియు చెప్పిన తేదీలకు తప్పక వేయించుకొనవలెను. గాయము మానినదని నడుమ మానరాదు.