ఛాంబర్ నట్టు కింది రాగి వాషరు

దుక్కులు, పత్తి గింజలు, మిరప నాట్లు ఒకదాని వెనక ఒకటి తరుముకొచ్చే జూన్–సెప్టెంబరు నెలల్లో ట్రాక్టరుకు 250 గంటలు ఇట్టే నిండిపోతాయి. ఇంజను ఆయిలు మార్చే వేళవుతుంది. గుంటూరు ఆటోనగర్‌లోనైనా, పర్చూరు, చిలకలూరిపేట రోడ్ల పక్క షెడ్లలోనైనా జరిగే పని ఒకటే. ఇంజను అడుగున ఆయిలు నిలిచే ఛాంబర్ కింద డబ్బా పెట్టి నట్టు విప్పుతారు, నల్లటి వేడి ఆయిలు దిగిపోతుంది, నట్టు తుడిచి మళ్లీ బిగిస్తారు. కొత్త ఆయిలు ఏ కంపెనీది, ఎన్ని లీటర్లు పోశారు, ఫిల్టరు మార్చారా లేదా అని రైతు దగ్గరుండి చూసుకుంటాడు. నట్టు తల కింది రాగి వాషరు సంగతి మాత్రం ఎవరూ అడగరు. వారం తిరక్కుండా ఛాంబర్ అడుగున చెమ్మ కనిపిస్తే, "ఇంకాస్త బిగిద్దాంలే బాబాయ్" అని స్పానరుకు పైపు తొడుగుతారు. ట్రాక్టరు మిరప కల్లంలోకి వచ్చే నాటికి ఆ చెమ్మ చుక్కలై రాలుతుంది. ఇంజనాయిలు అంటిన కాయను ఏరి పారేయాల్సిందే.

ఆయిలును మరలు ఆపుతాయని చాలామంది అనుకుంటారు. మరలు నట్టును పట్టి ఉంచుతాయి, అంతే. వాటి మధ్య సందు మెలికలు తిరుగుతూ లోపలి నుంచి బయటిదాకా ఉంటుంది. వేడికి పలచబడ్డ ఆయిలుకు ఆ దారి చాలు. దాన్ని ఆపాల్సింది నట్టు తలకూ ఛాంబర్ ముఖానికీ మధ్యనే. చేతికి నున్నగా తగిలే ఆ ముఖాల నిండా కంటికి ఆనని గీతలు, గుంతలు ఉంటాయి. గట్టి లోహానికి గట్టి లోహం ఆనితే మిట్టలు మాత్రమే తగులుకుంటాయి, గుంతలు ఖాళీగా మిగులుతాయి. మధ్యలో మెత్తటి లోహం ఉంటే అది నలిగి ఆ గుంతల్లోకి పాకుతుంది.

ఎంత బిగిస్తే పాకుతుంది? 14 మిల్లీమీటర్ల నట్టును 20 సెంటీమీటర్ల స్పానరు చివర 18 కిలోల బలంతో లాగితే, అది వాషరును దాదాపు 1,250 కిలోల బలంతో నొక్కుతుంది. మన మిర్చి యార్డు లెక్కలో చెబితే ముప్పై టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఒక్క రాగి బిళ్ల మీద పేర్చినట్టు. చదరపు మిల్లీమీటరుకు 8 కిలోల దాకా పడుతుంది. బాగా కాల్చి మెత్తబరిచిన రాగి 4–7 కిలోలకే లొంగుతుంది. సుత్తి దెబ్బలు తిని బాగా గట్టిపడ్డ రాగి 30 కిలోలకు గానీ లొంగదు. ఒకసారి నలిగిన వాషరు ఈ రెంటి మధ్యకు చేరుతుంది. విప్పి తిరిగి పెట్టినప్పుడు దాని మీది పాత మిట్టలు పాత గుంతల్లోనే కూర్చోవు, కొత్త గుంతల్లోకి పాకేంత మెత్తదనమూ మిగలదు. అప్పుడు పైపు వేసి బలం పెంచితే, అల్యూమినియం ఛాంబరైతే దాని మరే ముందు పోతుంది. చిల్లర ఖర్చుతో పోయేది లేత్ షాపుకెక్కుతుంది.

కొట్టిన కొద్దీ రాగి మొండికేస్తుందని, కొలిమిలో పెట్టి తీస్తే మళ్లీ దారికొస్తుందని మన కంచరి వాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. కారణం 1934లో గానీ దొరకలేదు. టేలర్, ఒరోవాన్, పొలానీ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఆ ఏడు ఎవరికి వారే దాన్ని చెప్పారు. లోహంలో పరమాణువులు వరసలు కట్టి ఉంటాయి, ఆ వరసలు అక్కడక్కడా తప్పి ఉంటాయి. లోహం వంగేది ఆ తప్పిన చోట్లు జరగడం వల్లే. నలిపిన కొద్దీ అవి పెరిగి, ఒకదాన్నొకటి అడ్డుకుని, కదలకుండా బిగుసుకుంటాయి. ఎర్రగా కాలిస్తే పరమాణువులు సర్దుకుని కొత్త వరసలు కడతాయి.

అందుకే తెలిసిన మేస్త్రి పాత వాషర్లను ఇనప తీగకు గుచ్చి గ్యాస్ మంట మీద పెడతాడు. రాగి రంగులు మారి, నల్లబడి, ఆపై నీడలో చూస్తే ముదురెరుపుకు వస్తుంది. 600 డిగ్రీలు దాటినట్టు. అక్కడ ఆపి నీళ్లలో వేస్తాడు. ఉక్కునలా ముంచితే గట్టిపడుతుంది, రాగికి ఆ గుణం లేదు. నీళ్లు చేసేదల్లా పైనున్న నల్లపొరను రాల్చడమే. మిగిలిన మసిని ఎమరీతో రుద్దితే, రెండు ముఖాలూ చదునుగా ఉన్నంతవరకు ఆ వాషరు మళ్లీ పనికొస్తుంది. అల్యూమినియం వాషరును ఇలా కాల్చకూడదు. అది ఎర్రబడి హెచ్చరించదు, 660 డిగ్రీలకు కరిగి కారిపోతుంది. రబ్బరు అంచున్న డౌటీ వాషరుకైతే మంట చూపించనే కూడదు. ఇంజెక్టరు కింది రాగి వాషరు మండే గ్యాసునే ఆపాలి కాబట్టి దాని దగ్గర పొదుపు వద్దు, కొత్తదే వేయాలి.

ఈ చిన్న బిళ్ల సూత్రం ప్రయోగశాలల దాకా వెళ్లింది. గాలిని దాదాపు పూర్తిగా తోడేసే గొట్టాల అతుకులకు 1960లలో అమెరికాలోని వేరియన్ సంస్థ ఒక పద్ధతి తెచ్చింది. రెండు వైపుల నుంచి ఉక్కు అంచులు రాగి రింగులోకి దిగుతాయి. అక్కడ విప్పిన ప్రతిసారీ రింగు మార్చడమే రివాజు.

షెడ్డులో ఒక్క జాగ్రత్త చాలాసార్లు తప్పిపోతుంది. పాత వాషరు నట్టుతో పాటు ఊడిరాక ఛాంబరుకే అతుక్కుని, మసిలో కలిసి, ఛాంబర్లో భాగంలాగే కనిపిస్తుంది. దాని మీదే కొత్తది పడితే రెంటి మధ్య నుంచి కారుతుంది. బిగించే ముందు గోరుతో అంచు తడిమి చూసి, ఉంటే ముఖానికి గీత పడకుండా లేపి తీసేయాలి. కొత్త ఆయిలు పోసి, ఇంజను వేడెక్కేదాకా నడిపి, ఆపాక నట్టు చుట్టూ పొడిగుడ్డతో తుడిచి చూడాలి.