ఒడి విడువని మార్జాలము

తెలుగువారి పలుకుబడిలో పిల్లికి మంచిపేరు లేదు. కన్నులు మూసికొని పాలు త్రాగునది పిల్లి. శాపనార్థములు పెట్టునది పిల్లి. ఎలుక ప్రాణముతో చెలగాటమాడునది పిల్లి. తెనాలి రామకృష్ణుని కథలో కాగిన పాలకు మూతి కాల్చుకొని, పిదప పాలను చూచినంతనే పరుగెత్తినదియు పిల్లియే. కుక్కకు విశ్వాసమును, పిల్లికి స్వార్థమును లోకము ఏనాడో పంచిపెట్టినది.

అయితే పిల్లితో కాపురము చేసినవారు వేరొక కథ చెప్పుదురు. యజమానుడు వార్తాపత్రిక విప్పగానే, అతడు చదువుచున్న వార్తమీదనే వచ్చి అది పరుండును. స్నానపుగది తలుపు మూసినచో, లోపల ఏదో అన్యాయము జరుగుచున్నట్లు తలుపు గీరుచు ఘోషించును. గృహిణి వంటయింటికి పోవునప్పుడు పాదములకు అడ్డుపడును. తెల్లవారుజామున గుండెలపై కూర్చుండి గురగురమనును. పళ్ళెములో అన్నమున్నను అరచును. దానికి కావలసినది అన్నము కాదు, మనిషి.

ఎదిగిన పిల్లులు తమలో తాము ‘మ్యావు’మని పలుకరించుకొనుట అరుదు. అది కూన తల్లిని పిలుచు పిలుపు. పెరిగిన పిదప మానవలసిన ఆ పిలుపును, మనిషి యింట పెరిగిన పిల్లి మనిషికొరకు దాచుకొనును. ఒడిలో కూర్చుండి ముందరి పాదములతో బట్టను పిసుకుటయు అట్టిదే. తల్లి పాలు చేపుటకై కూన చేయు పని యది.

ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకురాలు కారెన్ మెకాంబ్, తన పిల్లి ప్రతి ఉదయము తన్ను లేపుచున్న విధమును గమనించి పరిశోధనకు పూనుకొనిరి. 2009వ సంవత్సరమున ఫలితములను ప్రకటించిరి. 10 పిల్లుల గురగురలను 50 మందికి వినిపింపగా, ఆహారము కోరునప్పటి గురగుర తక్కినవానికంటె తొందరపెట్టునట్లున్నదని పిల్లిని ఎన్నడును పెంచనివారు సైతము గుర్తించిరి. ఆ ధ్వని నడుమ సన్నని ఏడుపువంటి స్వరమొకటి దాగియున్నది. దాని స్థాయి పసిబిడ్డ ఏడుపునకు చేరువది. పదిమంది మసలు ఇండ్లలోని పిల్లులకంటె, ఒక్క మనిషితో జీవించు పిల్లులే ఈ విద్యను ఎక్కువగా అలవరచుకొనునని ఆమె అభిప్రాయము.

ఈ చివరి మాట ఆలోచింపదగినది. పూర్వము మండువా లోగిలిలో పిల్లికొక కొలువు ఉండెడిది. గాదెలోని ధాన్యమును ఎలుకలనుండి కాపాడుట దాని పని. ఒకరు కసరినచో వేరొకరి ఒడి ఉండెడిది. నేడు నగరములలోని అంతస్తుల భవనములలో, యజమానుడు తలుపు మూసి ఉద్యోగమునకు పోయిన పిదప, సాయంకాలము వరకు దానికి గోడలే దిక్కు. వేట లేదు, తోడు లేదు, పెరడు లేదు. మెట్లపై వినవచ్చు ఒక మనిషి అడుగుల చప్పుడే దానికి లోకము. అట్టి జీవి కాలికి చుట్టుకొనినచో వేధించుచున్నదనుట న్యాయమా?

అంతమాత్రమున అంటిపెట్టుకొనుట యంతయు ప్రేమయే యనుకొనరాదు. అమెరికాలోని ఓరిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు పిల్లికూనలను తెలియని గదిలో పోషకునితో ఉంచి, అతడు రెండు నిమిషములు విడిచిపోయి తిరిగివచ్చినపుడు అవి ఏమి చేయునో పరికించిరి. 2019వ సంవత్సరమున వారు ప్రకటించిన దానినిబట్టి, నూటికి సుమారు 64 కూనలు అతనిని పలుకరించి, నిశ్చింతగా మరల గదిని చూడసాగినవి. తక్కినవానిలో కొన్ని అతనిని విడువక పట్టుకొనినవి. కొన్ని దూరముగా తొలగినవి. ధైర్యము గలది పలుకరించి తన పనికి పోవును. ధైర్యము చాలనిది పట్టు విడువదు. చంక దిగని పిల్లి కోరునది మరింత ముద్దు కాదు, నమ్మకము.

ఆ నమ్మకము వేళ తప్పని ఆదరణ వలన కలుగును. అరచినప్పుడెల్ల లేచిపోవుట అరపునకు బహుమానమిచ్చుటయే. విసిగి కసరుటయు దానికి పలుకరింపే. నేడు ఊరకుండి రేపు లొంగినచో, మరికొంతసేపు అరచిన ఫలించునని అది నేర్చుకొనును. శాంతముగా ఉన్నప్పుడు పిలిచి నిమురవలెను. నిద్రకు ముందు దారమునకు ఈక కట్టి వేటాడించి, పిదప ఆహారము పెట్టినచో తెల్లవారుజాము అలజడి క్రమముగా తగ్గును. అయితే ముసలి పిల్లి హఠాత్తుగా అంటిపెట్టుకొనినను, రాత్రులు అదేపనిగా అరచినను అలవాటని ఊరకుండరాదు. థైరాయిడ్ గ్రంథి వికారము వంటి వ్యాధి కావచ్చును, పశువైద్యునకు చూపవలెను.

శరణాగతిని వివరించుటకు శ్రీవైష్ణవులలో వడగలైవారు మర్కటకిశోర న్యాయమును, తెంగలైవారు మార్జాలకిశోర న్యాయమును చెప్పుదురు. కోతిపిల్ల తల్లిని తానే పట్టుకొనును. పిల్లికూనను తల్లియే నోట కరచుకొని పోవును. మనిషి యింటి పిల్లి మాత్రము కోతిపిల్లవలె పట్టుకొనుచున్నది. తన్ను ఎత్తుకొనువారున్నారో లేరో తెలియకనే అది పట్టుకొనుచున్నది. తలుపు మూసి దానికి వేరు దిక్కు లేకుండ చేసినవాడు, ఎత్తుకొనవలసిన తల్లి బాధ్యతను గూడ తలకెత్తుకొనినవాడే.