రహస్యానికి గడువు పెట్టేదెవరు?

నిఘా సంస్థల ఫైళ్లను ఎప్పుడు తెరవాలో ఆ సంస్థలే నిర్ణయిస్తే ఏమవుతుంది? అమెరికాలో పౌరులూ కోర్టులూ చట్టసభా కలిసి ఆ తలుపులను ఎలా తోసుకుంటూ వచ్చారో చూస్తే, మన దగ్గర కొరవడిందేమిటో తెలుస్తుంది.

చేతిరుమాలును నైట్రేటు, సోడా, గంజి కలిపిన ద్రావణంలో తడిపి ఆరబెట్టాలి. చూసేవాళ్లకు అది మామూలు రుమాలే. అవసరం పడ్డప్పుడు నీళ్లలో వేస్తే చాలు, ఆ నీళ్లే కంటికి కనిపించని సిరా అయిపోతాయి. మొదటి ప్రపంచ యుద్ధం నాటి గూఢచారుల కిటుకు ఇది. ఇలాంటి కిటుకులు రాసిన 1917, 1918 నాటి పత్రాలు ఆరు ఉన్నాయి. వాటిలో ఒకదాంట్లో జర్మన్ల రహస్య సిరా తయారీ ఉంది. ఇంకోదాంట్లో అంటించిన కవరును రసాయన ఆవిరితో ఊడదీసే పద్ధతి ఉంది. ఆ ఆవిరి పీల్చవద్దన్న హెచ్చరిక కూడా రాశారు.

అమెరికా ప్రభుత్వం దగ్గరున్న రహస్య పత్రాల్లో అన్నిటికన్నా పాతవి ఇవేనని చెబుతూ, గూఢచార సంస్థ సీఐఏ వీటిని 2011 ఏప్రిల్‌లో విడుదల చేసింది. అప్పటికి యుద్ధం ముగిసి 90 ఏళ్లు దాటింది. అంతకు పుష్కరకాలం ముందే ఒక పౌరసంస్థ వీటికోసం కోర్టుకెక్కింది. ఆ పద్ధతులు ఇప్పటికీ పనికొస్తాయంటూ సీఐఏ ససేమిరా అంది. న్యాయస్థానమూ ఆ మాటే ఒప్పుకుంది. రహస్యాన్ని దాచేవారి చేతికే గడువు పెట్టే అధికారమూ ఇస్తే ఏమవుతుందో చెప్పడానికి ఈ సిరా కథ ఒక్కటి చాలు.

అర్జీ పెట్టాక

అమెరికా సమాచార స్వేచ్ఛా చట్టంపై అధ్యక్షుడు లిండన్ జాన్సన్ 1966 జులై 4న సంతకం చేశారు. దానికి కోరలు వచ్చింది మాత్రం వాటర్‌గేట్ కుంభకోణం తర్వాతే. 1974 సవరణలను అధ్యక్షుడు ఫోర్డ్ వీటో చేస్తే, కాంగ్రెస్ ఆ వీటోను తోసిపుచ్చింది. రహస్యమని ముద్ర వేసిన కాగితాన్ని న్యాయమూర్తి తన గదిలో స్వయంగా చదివి, ఆ ముద్ర సబబో కాదో చూసే వీలు అప్పుడు కలిగింది.

చట్టం ప్రకారం 20 పనిదినాల్లో జవాబివ్వాలి. ఆచరణలో అర్జీ వరసలో నిలబడుతుంది. వంతు వచ్చాక సమీక్షకులు పత్రాన్ని వాక్యం వాక్యం చదువుతారు. మనుషుల పేర్లు, పద్ధతులు, విదేశాలు నమ్మి చెప్పిన సంగతులు ఎక్కడున్నా కప్పేస్తారు. అలా కప్పిన ప్రతిచోటా పక్కన ‘బి1’, ‘బి3’ వంటి గుర్తులు వేస్తారు. మొదటిది జాతీయ భద్రతకు, రెండోది వేరే చట్టం ఇచ్చిన మినహాయింపుకు సంకేతం. ఇక 1984 నాటి మరో చట్టం సీఐఏకు ఇంకో వెసులుబాటు ఇచ్చింది. గూఢచర్య కార్యకలాపాల ఫైళ్లను అర్జీదారు కోసం వెతకాల్సిన పనే చాలావరకు లేకుండా చేసింది.

సొంత తప్పులను సీఐఏ 1973లో ఒకచోట పోగు చేసుకుంది. జర్నలిస్టులపై నిఘా, సోవియట్ యూనియన్‌కు వెళ్లివచ్చే ఉత్తరాలను తెరవడం, క్యాస్ట్రో హత్యకు పన్నాగం... అన్నీ ఆ 700 పేజీల్లో ఉన్నాయి. వాటికోసం 1992లో అర్జీ పెడితే, చేతికందింది 2007లో.

ఉందని చెప్పరు, లేదనీ చెప్పరు

తిరస్కారం కన్నా గట్టి జవాబు ఒకటుంది. 1968లో పసిఫిక్‌లో సోవియట్ జలాంతర్గామి కె-129 మునిగిపోయింది. సుమారు 5 కిలోమీటర్ల లోతు నుంచి దాన్ని పైకి లాగడానికి సీఐఏ ‘గ్లోమార్ ఎక్స్‌ప్లోరర్’ అనే నౌకను కట్టించింది. కుబేరుడు హోవర్డ్ హ్యూస్ సముద్రగర్భంలో ఖనిజాలు తవ్వబోతున్నారని లోకాన్ని నమ్మించింది. 1975లో సంగతి పత్రికలకు పొక్కింది. వార్త వేయవద్దని సీఐఏ సంపాదకులను ఒప్పించబోయింది. ఆ ప్రయత్నాల తాలూకు కాగితాలు ఇమ్మని హారియెట్ ఫిలిప్పీ అనే జర్నలిస్టు అడిగారు. అలాంటి కాగితాలు ఉన్నాయని గానీ లేవని గానీ చెప్పబోమని సీఐఏ బదులిచ్చింది. ఎందుకు చెప్పలేదో వీలైనంత వివరంగా బయటపెట్టాలని 1976లో అప్పీలు కోర్టు షరతు పెట్టింది. అయినా ఆ తరహా జవాబుకు చట్టంలో చోటు దొరికింది. ‘గ్లోమార్ జవాబు’ అని దానికి పేరే పడిపోయింది. ఇప్పుడు న్యూయార్క్ నగర పోలీసులు సైతం అదే జవాబిస్తున్నారు.

కాగితం ఉంది, ఇవ్వం అంటే వాదించడానికి ఒక ఆధారం ఉంటుంది. ఉందో లేదో చెప్పకపోతే పౌరుడు దేనిమీద వాదించాలి?

నాలుగు కంప్యూటర్లు

తెరిచిన ఫైలు కూడా జనానికి అందకుండా పోవచ్చు. పాతికేళ్లు నిండిన పత్రాల్లో విడుదలకు ఒప్పుకున్న వాటిని సీఐఏ 2000 నుంచి ఒక డేటాబేస్‌లో పెట్టింది. దాన్ని చూడాలంటే మేరీల్యాండ్‌లోని కాలేజ్ పార్క్‌లో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌కే వెళ్లాల్సి వచ్చేది. అక్కడున్న నాలుగు కంప్యూటర్ల ముందు, ఆఫీసు వేళల్లోనే కూర్చోవాల్సి వచ్చేది. ‘మక్‌రాక్’ అనే సంస్థ 2014లో దావా వేసింది. అన్నీ ఇవ్వాలంటే 28 ఏళ్లు పడుతుందని సీఐఏ మొదట చెప్పింది, తర్వాత ఆరేళ్లంది. ఈలోగా ఒక పరిశోధకుడు చందాలు పోగుచేసి, ఆ పేజీలను ఒక్కొక్కటిగా ప్రింటు తీసి స్కాన్ చేయడం మొదలుపెట్టారు. చివరికి 2017 జనవరిలో సుమారు 9.3 లక్షల పత్రాలు, 1.2 కోట్లకు పైగా పేజీలు ఇంటర్నెట్‌లోకి వచ్చాయి. ఇప్పుడు అనంతపురంలో చదువుకునే విద్యార్థి సైతం వాటిని తిరగేయవచ్చు. 28 ఏళ్ల పని మూడేళ్లలోపే అయ్యిందంటే, కొరత సిబ్బందిలో కన్నా సంకల్పంలోనే ఎక్కువగా ఉందనుకోవాలి.

తీర్పరి మారితే

కెనెడీ హత్య పత్రాల విషయంలో అమెరికా ఇంకో దారి తొక్కింది. 1992లో కాంగ్రెస్ ప్రత్యేక చట్టం చేసి, ఐదుగురు సభ్యుల సమీక్షా బోర్డును వేసింది. వాళ్లెవరూ ప్రభుత్వోద్యోగులు కారు. సీఐఏ, ఎఫ్‌బీఐ కాదన్నా, పత్రం బయటపెట్టమని ఆదేశించే అధికారం ఆ బోర్డుకు ఉండేది. దాన్ని ఆపగలిగింది అధ్యక్షుడొక్కడే. అలా నేషనల్ ఆర్కైవ్స్‌లో 50 లక్షలకు పైగా పేజీలు పోగయ్యాయి. ఫైళ్లు అవే, సంస్థలూ అవే. తీర్పు చెప్పేవాళ్లు మారారంతే.

రహస్యమే వద్దని ఎవరూ అనరు. సమాచారం ఇచ్చిన మనిషి బతికున్నంత కాలం అతని పేరు దాచాల్సిందే. 2025 మార్చిలో కెనెడీ పత్రాల్లో మిగిలినవాటిని హడావుడిగా వదిలినప్పుడు, బతికున్న మనుషుల సోషల్ సెక్యూరిటీ నంబర్లు కూడా బయటికొచ్చాయి. కాబట్టి చదివేవాళ్లు కావాలి, ఓపిగ్గా చదవాలి. ఆ చదివేవాళ్లు ఫైలు సొంతదారులే కాకూడదన్నదే అసలు మాట.

మన తలుపు

మన సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. పంచాయతీ లెక్కల నుంచి మంత్రిత్వశాఖల నోట్స్ దాకా అడిగే ధైర్యాన్ని సామాన్యుడికి ఇచ్చిన గొప్ప చట్టం అది. కానీ ఐబీ, రా వంటి నిఘా సంస్థలను సెక్షన్ 24 మొత్తంగా పక్కన పెట్టింది. అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు మాత్రమే మినహాయింపు. అందులోనూ రెండో దానికి కేంద్ర సమాచార కమిషన్ ఆమోదం కావాలి. ఇతర శాఖల్లో 20 ఏళ్లు దాటిన సంగతులపై ఆంక్షలను సడలించే నిబంధన కూడా ఈ గడప దాటి లోపలికి పోదు. చీకటి అక్కడితో ఆగలేదు. 1962, 1965, 1971 యుద్ధాల రికార్డులు తమ దగ్గర లేవని నేషనల్ ఆర్కైవ్స్ అధిపతే 2022లో చెప్పారు.

నేతాజీ ఫైళ్లు బయటపెడితే విదేశీ సంబంధాలు చెడతాయని 2014లో ప్రధాని కార్యాలయం సమాచార హక్కు అర్జీదారుకు జవాబిచ్చింది. 2016 జనవరి 23న ప్రధానే వాటిలో వంద ఫైళ్లను జనం ముందు పెట్టారు. ఏ దేశంతోనూ సంబంధాలు చెడలేదు. అంతకుముందే, 1948 నుంచి 1968 దాకా బోస్ కుటుంబంపై ఐబీ నిఘా పెట్టి, వాళ్ల ఉత్తరాలు తెరిచి నకళ్లు తీసుకుందన్న సంగతి 2015లో పాత ఫైళ్ల ద్వారా బయటపడింది. ఆ నిఘాలో ఉన్న నేతాజీ అన్న కొడుకులు అమియనాథ్, శిశిర్ కుమార్ అప్పటికే కన్నుమూశారు. తమ ఉత్తరాలు ఎవరు చదివారో వాళ్లకు తెలియాల్సిన రోజు ఎప్పుడో దాటిపోయింది.

హైదరాబాద్‌కూ ఈ గాయం తెలుసు. 1948 పోలీసు చర్య తర్వాత జరిగిన హింసపై నెహ్రూ పంపిన సుందర్‌లాల్ బృందం నివేదిక నిఘా పత్రం కాదు. అయినా దాన్నీ దాచారు. కనీసం 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా వేసిన ఆ నివేదికను ఢిల్లీలో సామాన్య పాఠకుడు చదవగలిగింది 2013 నాటికి. అయినవాళ్లను పోగొట్టుకున్న తరంలో అప్పటికి ఎందరు మిగిలారు?

మనకు కావలసింది పెద్ద కోరికేమీ కాదు. ప్రతి నిఘా ఫైలుకూ పాతికేళ్లో ముప్పయ్యేళ్లో గడువుండాలి. గడువు దాటాక ఇంకా దాచాలంటే, ఎందుకు దాచాలో ఆ సంస్థే ఒక స్వతంత్ర బోర్డు ముందు రాసి చెప్పుకోవాలి. ఆ బోర్డులో విశ్రాంత న్యాయమూర్తితో పాటు చరిత్రకారులూ ఉండాలి. నేతాజీ మరణంపై దర్యాప్తుకు సంబంధించిన ఒక ఫైలును 1972లోనే ధ్వంసం చేశారు. అలాంటి కాగితాన్ని బోర్డు చూడకముందు ఎవరూ తగలబెట్టకూడదు. రాజ్యం ఒక పౌరుడి ఉత్తరం తెరిచి చదివితే, ఆ సంగతి చెప్పే కాగితం ఆ పౌరుడు బతికుండగానే అతని చేతికి అందాలి.