పెట్టె పోయినా... పద్దు పోకూడదు!

ఫోన్లో డబ్బు ‘కట్’ అయింది. అవతల ‘పడలేదు’. మధ్యలో ఏం జరిగిందో చెప్పే సాక్షి ఎవరు?

ఆదోని మార్కెట్ యార్డులో పత్తి అమ్ముకున్న ఓ రైతు ఊరికెళ్తూ ఎమ్మిగనూరులో పురుగుమందుల దుకాణం దగ్గర ఆగాడనుకుందాం. ఫోన్లో 2,400 రూపాయలు కట్టాడు.

‘‘కట్ అయిందన్నా, మెసేజ్ కూడా వచ్చింది.’’

‘‘నాకింకా పడలేదప్పా!’’

ఈ మాటలు వినపడని ఊరుందా ఇప్పుడు? డబ్బు ఎక్కడ ఆగిందో రైతుకీ తెలీదు, దుకాణదారుకీ తెలీదు. తెలిసేది ఒక్కదానికే... కంప్యూటర్లు రాసుకునే చిట్టాకి. సాఫ్ట్‌వేర్ వాళ్లు దాన్ని ‘లాగ్’ అంటారు.

మండీల్లో చిట్టా, ఆవర్జా రాసే గుమస్తాలకు ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. ఎవరి ఖాతాలో ఎంతుందో ఆవర్జా చెబుతుంది. ఏ పూట ఏం జరిగిందో చెప్పేది చిట్టా. ఇక్కడా అంతే. బ్యాంకులో డబ్బు లెక్క వేరే ఉంటుంది. ‘10 గంటల 42 నిమిషాలకు అడిగారు’, ‘బ్యాంకుకు పంపాను’, ‘జవాబు రాలేదు’ అంటూ అడుగడుగునా ఓ వాక్యం రాసుకుపోయేది మాత్రం లాగ్. చిక్కల్లా ఆ రాసే గుమస్తా ఎంతసేపు ఉంటాడన్నదే!

పుట్టి గిట్టే పెట్టెలు

1956 ఏప్రిల్‌లో మాల్కం మెక్లీన్ అనే అమెరికా లారీల వ్యాపారి 58 లోహపు పెట్టెల్ని ఓడకెక్కించి న్యూవర్క్ రేవు నుంచి హ్యూస్టన్‌కి పంపాడు. లోపల ఏ సరుకున్నా బయట పెట్టె కొలత ఒకటే. ఆ కంటైనర్లే ప్రపంచ వ్యాపారం తీరు మార్చేశాయి. 2013లో వచ్చిన ‘డాకర్’ అదే కిటుకుని సాఫ్ట్‌వేర్‌కి అలవాటు చేసింది. ప్రోగ్రాంనీ దానికి కావలసిన సరంజామానీ ఒకే పెట్టెలో సర్దేసి ఏ కంప్యూటర్ మీదైనా నడిపించొచ్చు. చాలా సంస్థలు ఇప్పుడీ దారే పట్టాయి.

ఓడ మీది పెట్టెకి ఆయుష్షెక్కువ. ఈ పెట్టెలకి అంత ఉండదు. రద్దీ పెరిగితే పది పుడతాయి, తగ్గితే తొమ్మిది పోతాయి. పెట్టెను తీసేస్తే అది రాసుకున్న చిట్టా కూడా దాంతోపాటే చెరిగిపోతుంది. సాయంత్రం ఫిర్యాదు వచ్చేసరికి పొద్దున ఆ పని చూసిన పెట్టె ఉండకపోవచ్చు. గుమస్తా పద్దు పుస్తకంతో సహా మాయమైనట్టే!

పోనీ, చెరపకుండా ఉంచితే? హద్దు పెట్టకపోతే ఆ ఫైలు పెరిగి పెరిగి డిస్కంతా నిండుతుంది. అప్పుడు అసలు పనే ఆగిపోతుంది.

మధ్యలో ఓ సొసైటీ

దీనికి మందు ఎమ్మిగనూరు వాళ్లకి ఇట్టే తడుతుంది. 1938లోనే మాచాని సోమప్ప అక్కడ చేనేత కార్మికుల సహకార సంఘం పెట్టారు. సంఘమంటూ ఉంటే నేసినవాళ్లు కొనేవాళ్ల కోసం మగ్గం ఆపి కూర్చోనక్కర్లేదు. బట్ట అప్పగించి మళ్లీ మగ్గమెక్కొచ్చు.

సాఫ్ట్‌వేర్‌లో ఆ సంఘం పాత్ర పోషించేదే ‘కాఫ్కా’. లింక్‌డిన్ సంస్థలో జే క్రెప్స్, జున్ రావ్, పుణెలో చదువుకుని అమెరికా వెళ్లిన నేహా నార్ఖేడే కలిసి తయారుచేశారు. 2011లో అందరికీ ఉచితంగా ఇచ్చారు. రాయడమే ప్రధానమైన వ్యవస్థ కదాని, రచయిత ఫ్రాంజ్ కాఫ్కా పేరు పెట్టారట!

ప్రతి కంప్యూటర్ మీదా ‘ఫ్లూయెంట్ బిట్’ లాంటి చిన్న ప్రోగ్రాం ఒకటి కాపు కాస్తుంటుంది. పెట్టె ఓ వాక్యం రాయగానే, అది ఏ పెట్టెదో, ఎప్పటిదో చీటీ అంటించి కాఫ్కాకు పంపేస్తుంది. కాఫ్కా దానికో వరుస నంబరు వేసి, వేర్వేరు యంత్రాల్లో నకళ్లు దాస్తుంది. మోసాల్ని పసిగట్టే ప్రోగ్రాం, ఫిర్యాదులు వెతికే ప్రోగ్రాం... ఎవరి వీలును బట్టి వాళ్లు చదువుకుంటారు. ఒకరు చదివేశారని రెండోవారికి లేకుండా పోదు.

మరి కాఫ్కాయే మొరాయిస్తే? ఇంజినీర్ల తల వేడెక్కేది ఇక్కడే. అది కోలుకునేదాకా పెట్టెను ఆపితే చెల్లింపులు నిలిచిపోతాయి. ఆపకపోతే కొన్ని వాక్యాలు గాల్లో కలుస్తాయి. అందుకే కాపలా ప్రోగ్రాం వాటిని కాసేపు తన డిస్కులో దాచి తర్వాత పంపేలా ఏర్పాటు చేస్తారు. అలా చేస్తే ఒకే వాక్యం రెండుసార్లు చేరొచ్చు. నన్నడిగితే అసలు రాయని పద్దు కన్నా రెండుసార్లు రాసిన పద్దే నయం.

అన్నీ రాయకూడదు

మనం మార్చకపోతే కాఫ్కా చిట్టాను దాచేది 7 రోజులే. కంప్యూటర్ భద్రత చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ ఏమో లాగ్‌లను 180 రోజులు దాచాలని 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది. అందుకే పాతవాటిని చవకైన నిల్వకు తరలిస్తుంటారు.

అలాగని కనపడిందల్లా రాసేయడమూ ప్రమాదమే. 2018 మేలో ట్విటర్ తన ఖాతాదార్లందరినీ పాస్‌వర్డ్ మార్చుకోమని కోరింది. కారణం... లోపలి లాగ్‌లో పాస్‌వర్డ్‌లు ఉన్నవి ఉన్నట్టు నమోదైపోవడం! రహస్యాల్ని చిట్టాకెక్కకముందే చెరిపేయాలి.

ఇంతకీ మన రైతు సంగతి? దుకాణంలో యూపీఐతో కట్టిన డబ్బు కట్ అయి, అవతల చేరినట్టు ఖరారు కాకపోతే 5 రోజుల్లో వెనక్కి రావాలి. దాటితే ఫిర్యాదు కోసం చూడకుండా రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారమివ్వాలి. 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన ఇది. రైతు ఫోన్లో ఆ చెల్లింపు కింద 12 అంకెల నంబరొకటి ఉంటుంది. దాన్ని రాసిపెట్టుకోవాలి. లక్షల వాక్యాల చిట్టాలోంచి అతని 2,400 రూపాయల తాలూకు వాక్యాన్ని వెతికేది ఆ నంబరుతోనే.