ఖాళీగా మిగిలిన కుర్చీ

లింగంపల్లి ఒకప్పుడు పల్లె. తరువాత శేరిలింగంపల్లి పురపాలక సంఘమైంది. 2007 ఏప్రిల్‌లో ఆ సంఘం హైదరాబాదు మహానగర పాలక సంస్థలో కలిసింది. చుట్టూ కంప్యూటరు కంపెనీల అద్దాల మేడలు లేచాయి. అయినా వీధి దీపం వెలగకపోతే, మురుగు కాలువ పొంగితే జనం వెతుకుతూ వచ్చింది తమ కార్పొరేటరునే.

2020 డిసెంబరు ఎన్నికలలో మహానగరమంతటా 150 మంది కార్పొరేటర్లు గెలిచారు. 2021 ఫిబ్రవరి 11న గద్వాల విజయలక్ష్మి మేయరుగా ఎన్నికైన రోజున ప్రమాణం చేసినవారు మాత్రం 149 మందే. లింగోజిగూడలో గెలిచిన ఆకుల రమేశ్ గౌడ్ ఆ రోజు చూడకుండానే కన్నుమూశారు.

ఆ ఖాళీ కుర్చీ మమ్మల్ని ఆలోచింపజేసింది. పదవి ఎవరికీ సొంత ఆస్తి కాదు. కొద్దికాలం చేయమని జనం అప్పగించిన పని. మెడలోని పూలదండ సాయంత్రానికే వాడిపోతుంది. వేయించిన కుళాయి, బాగుచేయించిన బాట మాత్రం నిలుస్తాయి.

మన వంతు మాటేమిటి? ఆ ఎన్నికలలో ఓటర్లలో సగం మందైనా ఓటు వేయలేదు. నాయకుని మీదికి వేలెత్తేముందు, ఆ వేలికి సిరా గుర్తు పడిందా అని మనలను మనమే ప్రశ్నించుకోవాలి.

2025 డిసెంబరులో తెలంగాణ పల్లెలు కొత్త సర్పంచులను ఎన్నుకొన్నాయి. ప్రియ పాఠకులారా, మీ ఊరి సర్పంచును, వార్డు సభ్యులను కుటుంబ ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి. గ్రామసభ జరిగే రోజున ఇంటివద్ద ఉండిపోకండి. వెళ్లి, మంచి పనికి తోడు నిలవండి, జరగని పనిని మర్యాదగా అడగండి.