భూమి కడుపులోని గుట్టు పట్టిన ఇంగే లేమన్

ఎండాకాలం వచ్చిందంటే బజారుకెళ్ళి మంచినీళ్ళకి కొత్త కుండ తెచ్చుకుంటాం. కొనేముందు ఏం చేస్తాం? వేలు మడిచి ఓ దెబ్బ వేసి చూస్తాం. కంగుమని మోగితే మంచిది. బొంగురుగా పలికితే ఎక్కడో పగులుందన్నమాట. కొబ్బరికాయని చెవి దగ్గర ఆడించి నీళ్ళున్నాయో లేదో చెప్పేస్తాం. ఉడికిన గుడ్డూ పచ్చిగుడ్డూ కలిసిపోతే పళ్ళెంలో పెట్టి గిర్రున తిప్పుతాం. ఉడికింది చక్కగా తిరుగుతుంది, పచ్చిది తూలుతుంది. పగలగొట్టకుండా లోపలేముందో పట్టెయ్యడం మనకి వెన్నతో పెట్టిన విద్య!

మరి ఇంత పెద్ద భూమి లోపల ఏముందో ఎలా తెలుస్తుంది? మన కాళ్ళ కింద నుంచి భూమి నడిబొడ్డుకి సుమారు 6,370 కిలోమీటర్ల దూరం. రష్యాలోని కోలా ద్వీపకల్పంలో శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి తవ్విన బోరు పన్నెండు కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే దిగింది. మామిడిపండు తొక్క మీద గోటితో గీరినట్టు, అంతే. అయినా పిల్లల పుస్తకాల్లో భూమిని సగానికి కోసిన బొమ్మ ఉంటుంది. పైన పలచటి పెంకు, దాని కింద మందంగా ప్రావారం, ఆ కింద కరిగిన లోహంతో బాహ్య కేంద్రమండలం, నట్టనడుమ గట్టి గుండులా అంతర కేంద్రమండలం. మా చిన్నాడు ఆ బొమ్మకి రంగులేస్తూ "ఎవరు చూసొచ్చారమ్మా?" అని అడిగాడు. ఎవరూ చూడలేదు. కానీ ఆ నడుమ ఉన్న గుండుని మొదట లెక్కగట్టి చెప్పినావిడ ఒకరున్నారు. డెన్మార్క్ దేశస్థురాలు, పేరు ఇంగే లేమన్.

భూమిని తట్టే వేలు

కుండని మనం వేలితో తడతాం. భూమిని తట్టేది భూకంపం. 2024 డిసెంబరు 4న పొద్దున్న ఏడున్నర కావస్తుండగా ఖమ్మంలో మా వంటింటి స్టాండులో పళ్ళాలు గలగలమన్నాయి. ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం అది. హైదరాబాదు, విజయవాడ దాకా తెలిసింది. మా అత్తగారు "నా చిన్నప్పుడు భద్రాచలం దగ్గర కూడా ఇలాగే వచ్చిందే" అంటూ 1969 నాటి సంగతి చెప్పుకొచ్చారు. ఫోన్లు మొదలయ్యాయి. అందరూ "బాగున్నారా?" అని అడిగితే, మా ఆడపడుచు కూతురు ఒక్కతే "అత్తా, ఎన్ని సెకన్లు ఊగింది? ముందు చిన్నగా అదిరి తర్వాత గట్టిగా ఊగిందా?" అని అడిగింది. నవ్వొచ్చింది కానీ, ఆ ప్రశ్నలోనే అసలు శాస్త్రమంతా ఉందని తర్వాత తెలిసింది.

భూకంపం వచ్చినప్పుడు అలలు భూమి లోపలి నుంచి నలువైపులా బయల్దేరతాయి. వాటిలో ముఖ్యమైనవి రెండు రకాలు. మొదటివి పి తరంగాలు. రైలు ఇంజను వచ్చి తగిలితే పెట్టెలన్నీ ఒకదాన్నొకటి తోసుకున్నట్టు ఇవి ముందుకి సాగుతాయి. వేగం ఎక్కువ, ముందు చేరతాయి. రెండోవి ఎస్ తరంగాలు. బట్టలారేసే తాడుని ఒక కొస పట్టుకుని విదిలిస్తే మెలికలు తిరుగుతూ పోతుందే, అలా సాగుతాయి. ఇవి ఆలస్యంగా వస్తాయి. పైగా ద్రవంలోంచి వెళ్ళలేవు. ప్రపంచంలో ఎక్కడెక్కడి యంత్రాల్లో ఏ అల ఎన్ని గంటల ఎన్ని నిమిషాల ఎన్ని సెకన్లకి చేరిందో రాసుకుని పోల్చి చూస్తే, అది దారిలో ఎలాంటి పదార్థాన్ని దాటి వచ్చిందో చెప్పచ్చు.

ఈ విద్యకి మన దేశంతో గట్టి చుట్టరికమే ఉంది. 1897 జూన్ 12న అస్సాంలో మహా భూకంపం వచ్చింది. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేస్తున్న రిచర్డ్ ఓల్డ్‌హామ్ దాన్ని పరిశోధించాడు. ఆ భూకంపం యంత్రాల మీద గీసిన గీతల్లో ఈ అలలని వేరువేరుగా గుర్తుపట్టినవాడు ఆయనే. 1906లో ఆయనే, భూమి నడుమ వేరే పదార్థంతో ఒక కేంద్రమండలం ఉందని చెప్పాడు. 1914లో జర్మనీకి చెందిన గూటెన్‌బర్గ్, అది 2,900 కిలోమీటర్ల లోతున మొదలవుతుందని లెక్కగట్టాడు. అక్కణ్ణించి నడిబొడ్డు దాకా అంతా కరిగిన లోహమేనని అందరూ నమ్మారు. ఇక తెలుసుకోవలసిందేమీ లేదనుకున్నారు.

ఆడా మగా ఒకటే బడి

ఇంగే 1888లో కోపెన్‌హాగన్‌లో పుట్టింది. తండ్రి మనస్తత్వ శాస్త్రంలో ప్రొఫెసరు. ఆమెని వేసిన బడి హన్నా ఆడ్లర్ అనే ఆవిడ నడిపేది. అక్కడ ఆడపిల్లలకీ మగపిల్లలకీ ఒకే పాఠాలు, ఒకే ఆటలు. కుట్టుపని కూడా ఇద్దరికీ నేర్పేవారట! తెలివిలో ఆడా మగా తేడా లేదని అక్కడ పెరిగిన ఇంగేకి, బయటి లోకం అలా ఉండదని తెలియడానికి చాలా కాలం పట్టింది.

గణితం చదవడానికి 1910లో ఇంగ్లండు వెళ్ళి కేంబ్రిడ్జిలో చేరింది. ఆ రోజుల్లో అక్కడ ఆడపిల్లలు చదవచ్చు, పరీక్షలు రాయచ్చు, డిగ్రీ మాత్రం ఇవ్వరు. 1948లో గానీ అక్కడ ఆడవాళ్ళకి డిగ్రీ దక్కలేదు. చదువు బరువుకి ఇంగే ఆరోగ్యం దెబ్బతింది. ఏడాదికే ఇంటికి తిరిగొచ్చేసింది. తర్వాత కొన్నేళ్ళు బీమా లెక్కలు వేసే ఆఫీసులో ఉద్యోగం చేసింది. "ఇంకేం చదువులే" అని అక్కడే ఆగిపోయేవాళ్ళు మనలో ఎంతమంది లేరు? ఆమె మాత్రం 1918లో మళ్ళీ యూనివర్సిటీలో చేరింది. 1920లో డిగ్రీ చేతికొచ్చేసరికి వయసు ముప్ఫై రెండు.

భూకంపాల జోలికి వచ్చింది మరీ ఆలస్యంగా, 1925లో. డెన్మార్క్‌లోనూ గ్రీన్‌లాండ్‌లోనూ భూకంపాలని కొలిచే కేంద్రాలు పెడుతుంటే సహాయకురాలిగా తీసుకున్నారు. అప్పటిదాకా ఆమె ఆ యంత్రాన్ని చూడనైనా లేదు. పుస్తకాలు తెప్పించుకుని తనంతట తానే నేర్చుకుంది. విదేశాలకి వెళ్ళి గూటెన్‌బర్గ్ లాంటి పెద్దల దగ్గర కొన్నాళ్ళు కూర్చుంది. 1928లో ఆ విభాగానికే అధిపతి అయింది. అధిపతి అనగానే చుట్టూ బోలెడు మంది సిబ్బంది ఉంటారనుకునేరు! చాలా పని ఒంటి చేత్తో చేసుకోవలసిందే. పరిశోధన ఆమె ఉద్యోగంలో భాగం కూడా కాదు. కేంద్రాలు నడపడం, లెక్కలు అచ్చు వెయ్యడం అయ్యాక మిగిలిన టైములో చేసుకున్నది.

ఓట్స్ డబ్బాల్లో భూకంపాలు

1929 జూన్ 17న న్యూజిలాండ్‌లో పెద్ద భూకంపం వచ్చింది. భూగోళానికి అది ఆ మూల, డెన్మార్క్ ఈ మూల. ఆ అలలు భూమి నడుమ నుంచే యూరప్‌కి రావాలి. ఇంగేకి కావలసింది అదే.

ఇక్కడ ఒక చిన్న సంగతి అర్థం చేసుకోవాలి. గ్లాసు నీళ్ళలో చెంచా వేస్తే విరిగినట్టు కనిపిస్తుంది కదా? గట్టి రాతిలోంచి ద్రవంలోకి దిగేటప్పుడు భూకంపపు అలలూ అలాగే వంగిపోతాయి. అందుకని భూమికి అవతలి వైపు కొంత మేర నేరుగా వచ్చే పి తరంగాలు అందని నీడ పడుతుంది, దీపం కింద చీకటి ఉన్నట్టు. అక్కడి యంత్రాల్లో ఏమీ కనబడకూడదు. కానీ సన్నగా ఏవో అలలు నమోదవుతూనే ఉన్నాయి. కేంద్రమండలం అంచుని రాసుకుంటూ ఏవో కాస్త అటు చేరుతున్నాయిలే అని పెద్దలు సరిపెట్టుకున్నారు.

ఇంగే సరిపెట్టుకోలేదు. స్వెర్డ్‌లోవ్‌స్క్, ఇర్కూట్‌స్క్ లాంటి రష్యా కేంద్రాల నుంచి వచ్చిన గీతల దాకా ఒక్కొక్కటే చూసింది. కంప్యూటర్లు లేని రోజులు. సెలవు రోజున ఆమె ఇంటి తోటలో పెద్ద బల్ల నిండా ఓట్స్ డబ్బాలుండేవనీ, వాటి నిండా భూకంపాల వేళలు రాసిన అట్టముక్కలుండేవనీ బంధువు ఒకరు తర్వాత గుర్తుచేసుకున్నారు. మనం పప్పుల డబ్బాలు వరసగా పెట్టుకున్నట్టు! ఆ అట్టల్లోని నిమిషాలూ సెకన్లూ కలిపి చూస్తే తేలిందేమిటంటే, నీడలో పడుతున్న అలలు అంచుని రాసుకుంటూ వచ్చినవైతే అంత స్పష్టంగా ఉండవు. నడుమ ఇంకేదో వాటిని పక్కకి తిప్పి పంపుతోంది. కేంద్రమండలం లోపల మరో కేంద్రమండలం ఉంటేనే ఈ లెక్క కుదురుతుంది.

1936లో ఈ సంగతిని వ్యాసంగా ప్రకటించింది. ఆ వ్యాసం పేరు ప్రపంచంలోకెల్లా పొట్టిదేమో, ఒక్క పి అక్షరం, పక్కన చిన్న గుర్తు! కొద్ది ఏళ్ళలోనే గూటెన్‌బర్గ్ వంటి పెద్దలు ఒప్పుకున్నారు. ఆ లోపలి గుండు ఘనపదార్థమని తర్వాతివారు ఊహిస్తే, 1971లో అది రుజువైంది. దాని వ్యాసార్థం సుమారు 1,220 కిలోమీటర్లు. అయిదు వేల డిగ్రీల వేడిలోనూ కరగకుండా ఉందంటే, పైనుంచి పడే ఒత్తిడి అలాంటిది.

ఇదంతా మనకెందుకు అంటారా? ఆ గుండు చుట్టూ కరిగిన ఇనుము సుళ్ళు తిరగడం వల్లే భూమికి అయస్కాంత శక్తి వచ్చింది. దిక్సూచి ముల్లు ఉత్తరం చూపించడమే దాని పని కాదు. సూర్యుడి నుంచి దూసుకొచ్చే విద్యుత్ కణాలని చాలావరకు పక్కకి మళ్ళించేది కూడా ఆ శక్తే. మన నెత్తి మీద గొడుగు పట్టిన చెయ్యి మన కాళ్ళ కిందే ఉందన్నమాట!

"ఆడవాళ్ళ కబుర్లు"

ఇంగే మాట పెద్దలు త్వరగానే విన్నారు. అందరికీ ఆ అదృష్టం లేదు. అమెరికాలో మేరీ థార్ప్ అనే ఆవిడ సముద్రపు అడుగుని పటంగా గీసేది. పరిశోధన నౌకల్లోకి ఆడవాళ్ళని ఎక్కనివ్వని కాలం. మగవాళ్ళు నౌకల మీద తిరిగి లోతులు కొలిచి తెస్తే, ఆమె బల్ల ముందు కూర్చుని గీయాలి. 1952లో గీస్తూ గీస్తూ అట్లాంటిక్ నడుమ కొండల వరసలో పొడుగూతా ఒక లోయ ఉన్నట్టు కనిపెట్టింది. భూమి అక్కడ విడిపోతోందని దాని అర్థం. తోటి శాస్త్రవేత్త బ్రూస్ హీజెన్ "ఇవన్నీ ఆడవాళ్ళ కబుర్లు" అని కొట్టిపారేశాడు. పక్క బల్ల మీద ఇంకొకరు భూకంపాలు పుట్టిన చోట్లని చుక్కలుగా పెడుతున్నారు. రెండు పటాలూ పోల్చి చూస్తే ఆ చుక్కలన్నీ సరిగ్గా మేరీ లోయలోనే పడ్డాయి! హీజెన్ నోరు మూతపడింది. ఇద్దరూ కలిసి చేసిన ప్రపంచ సముద్రాల పటం 1977లో వెలువడింది.

మన దేశంలో 1983లో సుదీప్తా సేన్‌గుప్తా అనే భూగర్భ శాస్త్రవేత్త, అదితి పంత్ అనే సముద్ర శాస్త్రవేత్త అంటార్కిటికా యాత్రకి వెళ్ళారు. ఆ మంచుఖండానికి మన దేశం నుంచి వెళ్ళిన తొలి మహిళా శాస్త్రవేత్తలు వాళ్ళే. ఇక భూభౌతిక శాస్త్రానికి దేశంలోనే పేరుమోసిన ఎన్‌జీఆర్ఐ 1961 నుంచి మన హైదరాబాదులోనే ఉంది.

ఇంత ఉన్నా మన ఇళ్ళల్లో ఏం జరుగుతోంది? ములుగు భూకంపం రోజున సెకన్లు అడిగిన మా ఆడపడుచు కూతురికి నిరుడు ఎమ్మెస్సీ జియోఫిజిక్స్‌లో సీటొచ్చింది. వాళ్ళ బామ్మగారు "రాళ్ళూ రప్పలూ పట్టుకుని కొండలెంట తిరిగే చదువు ఆడపిల్లకెందుకు?" అన్నారు. మా ఆడపడుచు నాకు ఫోను చేసి "వదినా, నీ మాటంటే దానికి గురి. ఎంసీఏలో చేరమని నువ్వే చెప్పు" అంది. నేను ఆ మాట చెప్పలేదు. "నీకూ లెక్కలంటే ప్రాణంగా ఉండేది కదమ్మా, ఎందుకు మానేశావు?" అని ఎదురడిగాను. అవతల చాలాసేపు చప్పుడు లేదు.

పిల్ల చేరింది. ఈ మధ్య వాళ్ళ క్లాసు వాళ్ళని ఊళ్ళ వెంట తిప్పి కొలతలు తీయిస్తున్నారట. ఎండకి నల్లబడింది. "ఇలా బయట తిరిగే పిల్లా?" అని ఒక సంబంధం వెనక్కి పోయింది. మా ఆడపడుచు ఆ రోజు ఏడ్చిందంటే అబద్ధం కాదు. అయినా పిల్లని మానమని మాత్రం అనలేదు. తల్లిగా ఆమె పడ్డ బాధా నిజమే, ఆగి ఊరుకోవడమూ చిన్న సంగతి కాదు.

ఏ అమ్మాయైనా అర్థంకాని చదువు పేరు చెప్పినప్పుడు "ఉద్యోగం వస్తుందా? పెళ్ళి అవుతుందా?" అని అడగడం మన ధర్మమే. దానికంటే ముందు "అందులో ఏముంటుందే? నాకూ చెప్పు" అని ఒక్కసారి అడిగి చూడండి. చెబుతున్నప్పుడు ఆ పిల్ల మొహం చూడండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

ఇంగే లేమన్ 1953లో ఉద్యోగం నుంచి విరమించుకుంది. అరవై అయిదేళ్ళకి మనం కృష్ణా రామా అంటాం. ఆమె అమెరికా వెళ్ళి పరిశోధన మొదలుపెట్టింది! భూమి లోపల సుమారు 220 కిలోమీటర్ల లోతున అలల వేగం మారే చోటు ఒకటుందని చెప్పింది. దానికి ఆమె పేరే పెట్టారు. 1969లో లండన్ రాయల్ సొసైటీ సభ్యత్వం ఇచ్చింది. 1971లో బోవీ పతకం వచ్చింది, ఆ పతకం అందుకున్న మొదటి స్త్రీ ఆమే. 1987లో, నూరేళ్ళకి దగ్గరపడ్డాక, ఒక వ్యాసం రాసింది. 1993లో 104 ఏళ్ళ వయసులో కన్నుమూసింది. ముప్ఫై రెండేళ్ళకి డిగ్రీ, నలభై ఎనిమిదికి గొప్ప ఆవిష్కరణ, ఎనభై దాటాక పతకం. ఇప్పుడింకేం చేస్తాంలే అనుకునే మన ఈడు వాళ్ళం ఒకసారి వేళ్ళు మడిచి లెక్కేసుకోవాలి.