మొదటి కీమో : ముందుగా తెలుసుకోవలసిన సంగతులు

కేన్సర్ అన్న మాట కంటే కీమోథెరపీ అన్న మాటకే మన ఇళ్లలో భయం ఎక్కువ. 1981 నాటి ‘ప్రేమాభిషేకం’ మొదలుకొని మన సినిమాల్లో కేన్సర్ వచ్చిన హీరో చనిపోవలసిందే కదా! నిరుడు మా అమ్మకి రొమ్ము కేన్సర్ ఆపరేషను అయ్యాక కీమో ఇవ్వాలన్నారు. నేను కెమిస్ట్రీ విద్యార్థిని కావడం వల్ల ఇంట్లో ప్రశ్నలన్నీ నా మీదే పడ్డాయి. డాక్టర్లనీ నర్సులనీ అడిగి తెలుసుకున్నవీ, కళ్లారా చూసినవీ నలుగురికీ పనికొస్తాయని రాస్తున్నాను.

ఈ మందులు త్వరత్వరగా విభజన చెందే కణాలను దెబ్బతీస్తాయి. కేన్సర్ కణాలు అటువంటివే. అయితే జుట్టు కుదుళ్లు, నోటి లోపలి పొర, రక్తాన్ని తయారుచేసే ఎముకల మూలుగ కూడా అటువంటివే. మందుకి తన, పర భేదం అంతగా తెలియదు. జుట్టు రాలడం, నోరు పూయడం, తెల్ల రక్తకణాలు తగ్గడం అందువల్లనే. ఈ వైద్యానికి తొలి రోజుల్లో దారి వేసినవారిలో మన తెలుగువాడున్నారు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం అమెరికాలో తయారుచేసిన అమినోప్టెరిన్‌తో లుకేమియా పిల్లలకి తాత్కాలికంగా నయమైందని 1948లో సిడ్నీ ఫార్బర్ ప్రకటించారు.

ఇక మొదటి రోజు సంగతి. ముందుగా రక్తపరీక్షలు, గుండెకి ఎకో చేశారు. ఎత్తు, బరువు చూసి మోతాదు లెక్కకట్టారు. చేతికి సూది గుచ్చి, వాంతులు రాకుండా మందు ఇచ్చాకే అసలు మందు ఎక్కించారు. అమ్మకి ఇచ్చిన వాటిలో డాక్సోరూబిసిన్ ఎర్రగా ఉంటుంది. ఒకటి రెండు రోజులు మూత్రం కూడా ఎర్రగా వస్తుంది, అది రక్తం కాదు. “మంట పుడితే ఓర్చుకోకండమ్మా, వెంటనే చెప్పండి” అంది నర్సు. మందు నరం బయటికి కారితే అక్కడి కండ పాడవుతుందట. ఓర్పే గొప్పనుకునే మన అమ్మలకి ఈ మాట గట్టిగా చెప్పాలి.

మధ్యాహ్నానికి అంతా అయిపోయింది. “ఇంతేనా?” అంది అమ్మ. మర్నాటి నుంచి మూడు రోజులు వికారం, నీరసం. డాక్టరు రాసిన మాత్రలు వేళకి వేసి, కొంచెం కొంచెంగా తినిపించాం. నీళ్లు బాగా తాగించాం.

అసలు జాగ్రత్త రెండో వారంలో కావాలి. మనిషి తేరుకున్నట్టే ఉంటుంది కానీ తెల్ల రక్తకణాలు బాగా పడిపోయేది అప్పుడే. 100.4 డిగ్రీల జ్వరం వచ్చిందంటే రాత్రయినా, పగలయినా ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే. పదో రోజు రాత్రి అమ్మకి 101 చూపించింది. “ఓ జ్వరం మాత్ర వేసి పొద్దున్న చూద్దాంలే” అంది పక్కింటి పిన్నిగారు. మేం ఆగలేదు. నాలుగు వేలు ఉండవలసిన కణాలు వెయ్యి కూడా లేవు. వెంటనే నరానికి యాంటీబయాటిక్ ఎక్కించారు. ఐదో రోజుకి ఇంటికొచ్చాం. ఆ రాత్రి ఆగి ఉంటే ప్రాణం మీదికి వచ్చేదని డాక్టరు అన్నారు.

మూడో వారంలో జుట్టు దువ్వెనకి కుచ్చులుగా వచ్చేసింది. “పోతే పోనీలేవే, మళ్లీ రాకపోతుందా” అంది అమ్మ. వైద్యం పూర్తయ్యాక కొన్ని నెలల్లో జుట్టు మళ్లీ వస్తుంది.

కేన్సర్ అంటువ్యాధి కాదు. వేరే కంచం, వేరే గ్లాసు అక్కర్లేదు. రెండు రోజులపాటు వాంతి, మూత్రం శుభ్రం చేసేటప్పుడు తొడుగులు వేసుకుంటే చాలు. అందరికీ ఒకే మందు ఉండదు కాబట్టి, ఏ మందుకి ఏమవుతుందో మీ డాక్టరునే అడగండి. నాటుమందులు వాడాలనుకుంటే ఆయనకి ముందే చెప్పండి.

మిత్రులారా, ఎవరినైనా చూడబోతే జలుబు, దగ్గు ఉన్నప్పుడు మాత్రం వెళ్లకండి. వెళ్లినప్పుడు పళ్లబుట్టకి బదులు ఒక థర్మామీటరు పట్టుకెళ్లండి. రాత్రిపూట ఫోను చేయవలసిన ఆస్పత్రి నంబరు వాళ్లింటి గోడ మీద పెద్దక్షరాలతో రాసి రండి.